కుక్క బిస్కెట్ల బేకరీలో పూర్తి వేతనం

అమెరికాలో పెంపుడు కుక్కలకు రోజువారీ తిండితోపాటు ముద్దుగానో, శిక్షణలో బహుమానంగానో పెట్టే చిరుతిళ్లను తయారుచేసే చిన్న బేకరీలు కొన్ని, మేధోవైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న వయోజనులను ఏరికోరి పనిలోకి తీసుకుంటున్నాయి. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ నగరంలో ఉన్న వ్యాగీస్ బై మ్యాగీ అండ్ ఫ్రెండ్స్ అనే లాభాపేక్షలేని సంస్థ, మిన్నెసోటా రాష్ట్రంలోని ఫిన్లీస్ బార్కరీ ఈ కోవలోవి. మేధోవైకల్యం అంటే నేర్చుకోవడం, తర్కించడం వంటి బౌద్ధిక శక్తుల్లోనూ, డబ్బు లెక్క చూసుకోవడం, ఒంటరిగా ప్రయాణించడం వంటి నిత్యజీవన నైపుణ్యాల్లోనూ బాల్యం నుంచే గణనీయమైన పరిమితి ఉండటం. ఇది మానసిక వ్యాధి కాదు, మందులతో పోయేదీ కాదు, అయితే తగిన శిక్షణ, తగిన పరిసరాలు దొరికితే దాని ప్రభావం ఎంతో తగ్గుతుంది. ఇలాంటి బేకరీల గురించి వచ్చే కథనాలు చాలావరకు యజమానుల దయాగుణాన్ని మెచ్చుకోవడంతోనే ఆగిపోతాయి. కానీ వాటి విలువ తెలియాలంటే దయ మాట పక్కనపెట్టి, అక్కడ పనిని ఎలా అమర్చారు, ఆ పనికి ఎంత వేతనం కడుతున్నారు అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టాలి, ఎందుకంటే వికలాంగుల ఉపాధి చరిత్రలో మంచీ చెడూ ఈ రెండింటి దగ్గరే తేలాయి.

కుక్క బిస్కెట్టుకు నూటయాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఒహాయో రాష్ట్రానికి చెందిన జేమ్స్ స్ప్రాట్ అనే ఎలక్ట్రీషియన్ 1860 ప్రాంతంలో లండన్‌లో మాంసం, ధాన్యం, కూరగాయలు కలిపి కాల్చిన బిస్కెట్లను అమ్మకానికి తేగా, 1908లో న్యూయార్క్‌లోని ఎఫ్.హెచ్. బెనెట్ బిస్కెట్ కంపెనీ తయారుచేసిన, తర్వాతికాలంలో మిల్క్‌బోన్ పేరుతో ప్రసిద్ధమైన బిస్కెట్టు ఎముక ఆకారాన్ని ఇంటింటికీ పరిచయం చేసింది. ఆ తర్వాత శతాబ్దమంతా ఇది పెద్ద కంపెనీల సరుకుగానే సాగింది. 2007లో చైనా నుంచి దిగుమతైన ధాన్యపు మాంసకృత్తుల్లో మెలమైన్ అనే పారిశ్రామిక రసాయనం కలిసిందని బయటపడి, పెంపుడు జంతువుల ఆహారాన్ని అమెరికా మార్కెట్ల నుంచి పెద్దఎత్తున వెనక్కి రప్పించాల్సి వచ్చింది. అదే ఏడాది నుంచి విదేశీ ఎండుమాంసపు చిరుతిళ్లు తిన్న కుక్కలు జబ్బుపడుతున్నాయన్న ఫిర్యాదులు కూడా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు వరుసగా అందాయి. తినిపించేది ఎక్కడ, ఎవరి చేతుల్లో తయారైందో తెలుసుకోవాలన్న ఆరాటం కొనుగోలుదారుల్లో ఇలాంటి ఘటనల వల్లే పెరిగింది. నాలుగైదు దినుసులతో, కళ్లెదుట తయారయ్యే సరుకుకు గిరాకీ ఏర్పడటంతో చిన్న బేకరీలకు చోటు దొరికింది.

ఈ బేకరీల్లో సాధారణంగా వాడేవి ఓట్స్ పిండి లేదా బియ్యప్పిండి, పీనట్ బటర్, ఉడికించిన గుమ్మడి గుజ్జు, గుడ్డు వంటి దినుసులు. పిండి కలిపి, ఒత్తి, అచ్చులతో కోసి, కాల్చిన తర్వాత బిస్కెట్లను తక్కువ వేడిలో చాలాసేపు ఎండబెడతారు, అసలు కిటుకు అంతా ఈ ఎండబెట్టడంలోనే ఉంటుంది. పదార్థంలోని నీటిలో సూక్ష్మజీవులు వాడుకోగలిగిన భాగం ఎంతో చెప్పే కొలతను నీటి క్రియాశీలత అంటారు. సున్నా నుంచి ఒకటి వరకు ఉండే ఈ కొలత 0.85 కంటే తగ్గితే రోగకారక బ్యాక్టీరియా పెరగలేదు, 0.6 కంటే తగ్గితే బూజు కూడా పట్టదు. బాగా ఎండిన బిస్కెట్టు నెలల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి ఒకరోజు పని ఆలస్యమైనా, ఒకరు సెలవు పెట్టినా సరుకు పాడైపోదు. హోటల్లో మధ్యాహ్నం పన్నెండింటికి విరుచుకుపడే రద్దీ ఇక్కడ ఉండదు, నిన్న చేసిన క్రమంలోనే నేడూ పని నడుస్తుంది. నిదానంగా, ఒకే క్రమంలో సాగే పని బాగా చేయగలిగిన వారికి ఈ వ్యాపారం నప్పడానికి కారణం ఇదే.

అంతమాత్రాన ఇది ఎలా చేసినా చెల్లిపోయే పని కాదు. చక్కెరకు బదులుగా వాడే జైలిటాల్ మనుషులకు ప్రమాదకరం కాకపోయినా, కుక్కల్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి, రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది, కాలేయాన్ని కూడా దెబ్బతీస్తుంది. కొన్ని రకాల పీనట్ బటర్‌లో ఇది ఉంటుంది కనుక ప్రతి డబ్బా మీది దినుసుల పట్టికను చదివాకే లోపలికి రానివ్వాలి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, ఎండుద్రాక్ష, ఉల్లి కూడా కుక్కలకు విషమే. అమెరికా చట్టం ప్రకారం పెంపుడు జంతువుల ఆహారాన్ని పరిశుభ్రమైన పరిస్థితుల్లో తయారుచేయాలి, ప్యాకెట్టు మీద దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, మాంసకృత్తులు, కొవ్వు కనీసం ఎంత, పీచు, తేమ గరిష్ఠంగా ఎంత అనేవి ముద్రించాలి. ఈ బేకరీల్లో పనిచేసేవారు ఈ నియమాలన్నిటి మధ్య పనిచేస్తారన్న సంగతి, వారి శ్రమను కాలక్షేపంగా చూసేవారు గమనించాలి.

ఇక పనిని అమర్చే విధానానికి వస్తే, దాని మూలాలు 1970 దశకంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన మార్క్ గోల్డ్ దగ్గర ఉన్నాయి. తీవ్రమైన మేధోవైకల్యం ఉన్నవారు ఏమీ నేర్చుకోలేరని అందరూ నమ్మిన రోజుల్లో ఆయన 15 విడిభాగాలున్న సైకిల్ బ్రేకును బిగించడం వారికి నేర్పి చూపించాడు. ఆయన పద్ధతికి పని విశ్లేషణ అని పేరు; అంటే ఒక పనిని, నేర్చుకునే వ్యక్తి ఒక్కోటిగా పట్టుకోగలిగినంత చిన్న అంచెలుగా విడదీసి, ఎక్కడ తడబాటు వస్తే అక్కడ అంచెను ఇంకా చిన్నది చేయడం. విడిభాగాన్ని ఎటు తిప్పి పెట్టాలో తెలియడానికి ఒక పక్కన రంగు వేస్తే నేర్చుకోవడం బాగా సులువవుతుందని ఆయన ప్రయోగాల్లో తేలింది. తప్పు జరిగినప్పుడు శిక్షకుడు 'తప్పు' అనకుండా 'ఇంకోలా చేసి చూడు' అనాలనీ, సరిగా చేస్తున్నంతసేపూ మాట్లాడకుండా ఊరుకోవాలనీ, అతిగా పొగడటం కూడా మనిషిని చిన్నపరచడమేననీ ఆయన ఉద్దేశం. నేర్చుకోలేకపోవడం నేర్చుకునేవారి లోపం కాదు, నేర్పేవారి పద్ధతిలోని లోపమన్న ఈ దృష్టి, వైకల్యంపై వెలువడిన ఆలోచనల్లో అత్యంత ఉదారమైన వాటిలో ఒకటి.

బిస్కెట్ల బేకరీలో ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తూకం దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ప్యాకెట్టులో ఫలానా బరువు ఉండాలంటే మామూలుగా కాటా మీది అంకె చదవాలి, అది తక్కువో ఎక్కువో పోల్చుకోవాలి, ఎన్ని బిస్కెట్లు తీయాలో, వేయాలో నిర్ణయించుకోవాలి. అంకెలతో ఇబ్బంది పడే వ్యక్తికి ఈ మూడూ మూడు అడ్డంకులే. బరువు సరైన పరిధిలోకి రాగానే ఆకుపచ్చ దీపం వెలిగే కాటా పెడితే, దీపం వెలిగేదాకా ఒక్కొక్క బిస్కెట్టు వేయడం ఒకటే పని అవుతుంది, తూకం మాత్రం అంకెలు చదివేవారు తూచినంత కచ్చితంగానే ఉంటుంది. పిండిని ఒకే మందంలో ఒత్తడానికి అప్పడాల కర్ర రెండు చివర్లా ఉంగరాలు తొడుగుతారు, లెక్కపెట్టాల్సిన చోట కావలసినన్ని గుంటలున్న పళ్లెం ఇస్తారు, చేయాల్సిన పనులను బొమ్మలుగా గీసి గోడకు అంటిస్తారు. మొదట్లో పక్కనే నిలబడి నేర్పే జాబ్ కోచ్, పని చేతికి అలవడుతున్న కొద్దీ క్రమంగా దూరం జరుగుతాడు. ముందు ఏళ్ల తరబడి శిక్షణ, ఆ తర్వాత ఎప్పుడో ఉద్యోగం అన్న పాత వరుసను తిరగేసి, ముందు ఉద్యోగంలో పెట్టి అక్కడే నేర్పే ఈ ఏర్పాటును తోడ్పాటు ఉపాధి అంటారు. 1986లో పునరావాస చట్టానికి చేసిన సవరణలతో ఇది అమెరికా ప్రభుత్వ విధానంలో భాగమైంది. వికలాంగ ఉద్యోగి కోసం పనిస్థలంలో సముచితమైన మార్పులు చేయాలన్న 1990 నాటి వికలాంగుల చట్టం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది కనుక, అంతకంటే చిన్న బేకరీలు చేసే సర్దుబాట్లు ఆ చట్టం ఒత్తిడితో చేసేవి కావు.

వేతనం సంగతి మాత్రం బాధాకరమైనది. కనీస వేతనాన్ని దేశమంతటికీ స్థిరపరచిన 1938 నాటి న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టంలోనే, వైకల్యం వల్ల ఉత్పాదకత తగ్గిన వారికి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడానికి అనుమతించే నిబంధన ఉంది. 14(సి) సెక్షన్‌గా పిలిచే దీని కింద యజమాని కార్మిక శాఖ నుంచి ధ్రువపత్రం పొంది, వైకల్యం లేని కార్మికుడు అదే పనికి తీసుకునే సమయంతో పోల్చి కూలి నిర్ణయించవచ్చు. వైకల్యం ఉన్నవారిని మాత్రమే ఒకచోట చేర్చి, ప్యాకింగు వంటి పనులు చేయించే షెల్టర్డ్ వర్క్‌షాపులు దశాబ్దాలపాటు ఈ నిబంధన నీడలోనే నడిచాయి. 2009 నుంచి జాతీయ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు కాగా, ఈ సెక్షన్ కింద పనిచేసేవారిలో సగానికి పైగా గంటకు 3.50 డాలర్లు కూడా పొందడం లేదని అమెరికా పార్లమెంటు తరఫున పనిచేసే ఆడిట్ సంస్థ అంచనా వేసింది.

ఈ ఏర్పాటు ఎంత దూరం దిగజారగలదో అయొవా రాష్ట్రంలోని అటలిస్సా అనే ఊళ్లో బయటపడింది. హెన్రీస్ టర్కీ సర్వీస్ అనే సంస్థ మేధోవైకల్యం ఉన్న మగవారిచేత టర్కీ కోళ్ల మాంసం కర్మాగారంలో దశాబ్దాలపాటు పనిచేయించి, వారిని ఒక పాత బడి భవనంలో ఉంచి, నెలకు 65 డాలర్లు చేతిలో పెట్టిన సంగతి 2009లో వెల్లడైంది. 2013లో జ్యూరీ 32 మంది బాధితులకు మొత్తం 24 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించినా, చట్టం విధించిన గరిష్ఠ పరిమితి వల్ల అది 16 లక్షల డాలర్లకు తగ్గిపోయింది. ఆ మనుషులు కూడా రోజూ వేళకు లేచి, కష్టమైన పనిని నైపుణ్యంతో చేసినవారే. వారికి కొరవడింది సామర్థ్యం కాదు, వేతనమూ స్వేచ్ఛా మాత్రమే.

న్యూ హాంప్‌షైర్ 2015లో మొదలుపెట్టగా, మేరీలాండ్, అలాస్కా, ఆరెగాన్ తదితర రాష్ట్రాలు కనీస వేతనం కంటే తక్కువ కూలిని నిషేధించాయి; వ్యాగీస్ ఉన్న డెలావేర్ కూడా 2021లో చట్టం చేసి దాన్ని దశలవారీగా రద్దుచేసింది. దేశమంతటా దీన్ని రద్దుచేయాలని 2024 డిసెంబరులో కార్మిక శాఖ ముందుకు తెచ్చిన ప్రతిపాదన 2025లో ఉపసంహరణకు గురైంది. రద్దుచేస్తే తీవ్ర వైకల్యం ఉన్నవారిని ఎవరూ పనిలోకి తీసుకోరని, వారు ఇంటికే పరిమితమవుతారని భయపడే తల్లిదండ్రులు కొందరున్నారు, ఆ భయాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. అయినా ఒక మనిషి గంటకు గంట పనిచేసినప్పుడు, అతని వేగాన్ని స్టాప్‌వాచీతో కొలిచి కూలిని కనీస వేతనం కంటే తక్కువకు కోసే హక్కు వైకల్యం లేనివారి విషయంలో చట్టం ఎవరికీ ఇవ్వలేదు. అదే హక్కును వికలాంగుల విషయంలో ఇవ్వడం వివక్షే.

పూర్తి వేతనం ఇచ్చే బేకరీ కూడా తీర్చలేని చిక్కు ఒకటుంది. తక్కువ ఆదాయం ఉన్న వికలాంగులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ అనే భృతిలో, జీతం పెరిగేకొద్దీ కోత పడుతుంది. వేరే ఆదాయం లేని వ్యక్తి నెలకు 485 డాలర్లు సంపాదిస్తే, అందులో 85 డాలర్లు మినహాయించి, మిగిలిన 400లో సగం, అంటే 200 డాలర్లు భృతిలో తగ్గిస్తారు. ఇంతవరకు న్యాయంగానే కనిపించినా, ఆ వ్యక్తి దగ్గర పొదుపు 2,000 డాలర్లు దాటితే భృతే ఆగిపోతుంది, ఈ పరిమితి 1989 నుంచి మారలేదు. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ భృతితో ముడిపడి ఉండటం వల్ల, ఎక్కువ గంటలు పనిచేయగలిగీ కావాలనే తక్కువ గంటలు పనిచేసేవారున్నారు. 2014లో వచ్చిన ఏబుల్ చట్టం ప్రత్యేక ఖాతాలో లక్ష డాలర్ల వరకు దాచుకున్న సొమ్మును ఈ లెక్క నుంచి మినహాయించింది. అయితే పొదుపు చేయడం నేరమన్నట్టుగా చూసే మూల నిబంధనను మాత్రం అది ముట్టుకోలేదు.

ఇలాంటి వ్యాపారం నిలదొక్కుకోవడం కష్టమే. యంత్రాలతో టన్నులకొద్దీ తయారుచేసే కంపెనీల ధరకు చేతితో కోసిన బిస్కెట్టు రాదు, జాబ్ కోచ్ ఖర్చు, నిదానంగా సాగే పని ఖర్చు ప్రతి ప్యాకెట్టు మీదా పడతాయి. అందుకే వీటిలో కొన్ని లాభాపేక్షలేని సంస్థలుగా నమోదై, అమ్మకాల ఆదాయానికి విరాళాలను జోడిస్తాయి. పనివారి వైకల్యాన్ని ప్రచారంలో ముందుపెట్టి అమ్మే ధోరణి కూడా కొన్నిచోట్ల ఉంది, కొనేవారికి జాలి కలిగించి సరుకు అమ్మడం ఆ పనివారి గౌరవానికి మంచిది కాదు, వ్యాపారానికి కూడా ఎక్కువకాలం అక్కరకు రాదు.

ఈ చర్చ తెలుగు నేలకు పరాయిదేమీ కాదు. వికలాంగ ఉద్యోగులకు చట్టం వర్తించకుండా ఆదేశించే అధికారాన్ని భారత కనీస వేతనాల చట్టం కూడా 1948లో తన 26వ సెక్షన్ ద్వారా ప్రభుత్వాలకు ఇచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చిన 3 శాతం రిజర్వేషన్‌లో మేధోవైకల్యానికి వాటా లేదు. 2016 చట్టం రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచి, అందులో 1 శాతాన్ని ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు వంటివి ఉన్నవారికి కలిపి కేటాయించింది. సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో 1984లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థ ఈ రంగంలో శిక్షణకు, పరిశోధనకు దేశానికే కేంద్రంగా ఉంది. పోటీ పరీక్షల ద్వారా ప్రభుత్వ ఉద్యోగం పొందలేని వారి సంఖ్యే ఎక్కువ కనుక, వారి ఉపాధి చిన్న ప్రైవేటు పనిస్థలాల మీదే ఆధారపడుతుంది. పచ్చళ్లు, కారప్పొడులు, పిండివంటలు ప్యాక్ చేసే యూనిట్లలో తూచడం, నింపడం, సీలు వేయడం, లేబుల్ అంటించడం వంటి పనులన్నీ మార్క్ గోల్డ్ చెప్పిన రీతిలో అంచెలుగా విడదీయదగినవే, ఆకుపచ్చ దీపమున్న కాటా గుంటూరులోనైనా, వరంగల్‌లోనైనా ఒకేలా పనిచేస్తుంది, అయితే ఆ పనిచేసేవారికి పక్క బల్ల దగ్గరున్న మనిషికి ఇచ్చినంత కూలీ కట్టాలి.