సగం సింహం మొహం: చెక్క బొమ్మలు మన దగ్గర ఎందుకు మిగలవు?

పటమట నుంచి మాట్లాడుతున్నా. నా చేతిలో ఉన్న ఈ చెక్క ముక్క చూడండి. ఒక పాత సత్రం కొట్టేస్తుంటే దొరికింది. ద్వారం పైన ఉండే సింహం. ఇప్పుడు ఒక కన్ను, సగం జూలు మిగిలాయి. మిగతాది పొయ్యిలోకి పోయింది. "రాయైతే మ్యూజియం వాళ్లన్నా తీసుకునేవాళ్లు, ఇదేం చేసుకుంటావ్ బాబూ?" అన్నాడు అక్కడి మేస్త్రి.

నిజమే కదా! రాతి బొమ్మలు రెండు వేల ఏళ్ల నాటివి కూడా ఉన్నాయి. మరి అప్పట్లో మనవాళ్లు చెక్కతో కట్టలేదా?

కట్టారు. సాక్ష్యం ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర, గుంటుపల్లి బౌద్ధ గుహల్లో ఉంది. అక్కడి గుండ్రటి చైత్యంలోకి వెళ్లి తలెత్తి చూడండి. కొండని తొలిచిన పైకప్పుకి గొడుగు ఊచల్లా వాసాలు! రాతి కప్పుకి వాసాలతో పనేంటి? ఏమీ లేదు. చెక్క కట్టడాలకి అలవాటుపడిన చేతులు అదే రూపాన్ని రాతిలోకి దించాయి. మన ఫోన్‌లో కాల్ బటన్ మీద ఇప్పటికీ ల్యాండ్‌లైన్ రిసీవర్ బొమ్మే ఉంటుంది చూశారా, అలాంటిదే.

అమరావతి స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారం కూడా అంతే. నిలువు స్తంభాలకి గాడి కొట్టి అడ్డ పలకలు దూర్చారు. అది అచ్చంగా వడ్రంగి పని.

మరి అసలు చెక్క ఏమైంది? చెక్కకి శత్రువులు చెదలు, బూజు. బూజుకి తడీ కావాలి, గాలీ కావాలి. అందుకే ఎప్పుడూ పొడిగా ఉన్నా, గాలి చొరబడని బురదలో మునిగి ఉన్నా చెక్క బతుకుతుంది. మహారాష్ట్రలోని కార్లా గుహలో సుమారు రెండు వేల ఏళ్ల నాటి చెక్క వాసాలు, స్తూపం మీద చెక్క గొడుగు ఇంకా ఉన్నాయి. కొండ లోపల వాన తగలదు కాబట్టి. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా ఓడని 1961లో పైకి తీస్తే, దాని మీది చెక్క బొమ్మలు వందల్లో దొరికాయి. మన కృష్ణా డెల్టాలో ఈ రెండూ కుదరవు. మేలో ఎండుతుంది, ఆగస్టులో నానుతుంది. ఏటా ఇదే వరస.

అందుకే మన దగ్గర వందేళ్ల చెక్క బొమ్మ మిగలడమే గొప్ప. మీ ఊళ్లో ఇలాంటి ముక్క కనిపిస్తే నాలుగు పనులు చేయండి. నీళ్లతో కడగొద్దు. తడిగా ఉంటే ఎండలో పెట్టొద్దు, పగుళ్లిస్తుంది. నీడలో మెల్లగా ఆరనివ్వండి. రంగు, వార్నిష్ వేయొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఏ ఊరు, ఏ కట్టడం, ఎక్కడ ఉండేది అన్నది అప్పుడే రాసుకోండి.

నాలుగోదే ముఖ్యం. ఎక్కడిదో తెలియకపోతే అది ఉట్టి కట్టెముక్కే. నా సింహం వెనక ఊరి పేరు, తేదీ రాసిన చీటీ కట్టాను. మళ్లీ కలుద్దాం, ఉంటా!