వేషమును నమ్మిన యంత్రము

కంప్యూటరు యు.ఎస్.బి. పోర్టునకు ఏ పరికరమును తగిలించినను, ఆపరేటింగ్ సిస్టము మొదట "నీవెవరు?" అని విచారించును. "కీబోర్డును" అని బదులు వచ్చినచో, సాధారణముగా వేఱు సాక్ష్యమడుగక, అది పంపు ప్రతి అక్షరమును యజమాని ఆజ్ఞగా గైకొనును. సన్న్యాసి వేషముతో వచ్చిన రావణుని సీతాదేవి నమ్మినట్లే యిది.

2014 ఆగస్టులో కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అను పరిశోధకులు అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున జరిగిన సభలో ఈ లోపమును నిరూపించిరి. పెన్‌డ్రైవును నడపు చిప్పులోని ప్రోగ్రామును మార్చి, దానిచే కీబోర్డు వేషము వేయించిరి. అది తనంతట తానే ఆజ్ఞలు జారీ చేసెను. ఆ ప్రోగ్రాము ఫైళ్లలో నుండదు. కావున ఫైళ్లన్నియు చెరిపివేసినను నశింపదు. సామాన్యముగా వైరస్ నిరోధక సాఫ్ట్‌వేరునకును కానరాదు.

దారిలో దొరికిన పెన్‌డ్రైవులో ఏమున్నదో చూడవలెనను కుతూహలమే ఇట్టి మోసమునకు ద్వారము. పరికరమును తగిలించువాడు మనుష్యుడే గనుక, తొలి కావలివాడును అతడే.