రేడియో నియంత్రిత నమూనా హెలికాప్టర్లలో కంపన నిదానం: అన్వయవ్యతిరేక పద్ధతి

వ్యాససంగ్రహం: నమూనా హెలికాప్టర్లలో కంపనం వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. ఒకే లక్షణానికి అనేక కారణాలు ఉండటం వల్ల నిర్ధారణలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. కంపన వేగాన్ని బట్టి దోషస్థానాన్ని గుర్తించే విధానాన్ని, దానిని ధ్రువపరచడంలో అన్వయవ్యతిరేకాల ఉపయోగాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కంపనం, రోటర్, సమతౌల్యం, అన్వయం, వ్యతిరేకం, నిదానం.

1. ప్రస్తావన:

రేడియో తరంగాలతో నియంత్రించే నమూనా హెలికాప్టర్లు 1970 దశకం నుంచి అభిరుచి రంగంలో స్థిరపడ్డాయి. ఇందులో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ కృషి ప్రధానమైనది. పరిమాణంలో చిన్నవైనా ఇవి ఆటబొమ్మలు కావు. నిమిషానికి రెండువేలకు పైగా చుట్లు తిరిగే రెక్క విరిగి ఎగిరిపడితే ప్రాణహాని కలగవచ్చు. అందువల్ల కంపన నిర్ధారణ యంత్ర మరమ్మతుకే కాక నడిపేవారి, చూసేవారి భద్రతకూ సంబంధించిన విషయం.

2. కంపనానికి మూలం:

తిరిగే వస్తువు గురుత్వకేంద్రం దాని భ్రమణాక్షం మీద లేనప్పుడు కంపనం పుడుతుంది. ప్రధాన రోటర్ నిమిషానికి 2,100 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. ఒక రెక్కలో, కేంద్రానికి 30 సెంటీమీటర్ల దూరంలో 1 గ్రాము బరువు అదనంగా ఉంటే, అది కలిగించే అసమతుల్య బలం సుమారు 14.5 న్యూటన్లు. అంటే ఒక గ్రాము తేడా దాదాపు ఒకటిన్నర కిలోల బరువుతో సమానమైన బలమై, ప్రతి చుట్టులోనూ దిశ మారుతూ ఇరుసును లాగుతుంది. ఈ బలం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. అందుకే నెమ్మదిగా తిరిగేటప్పుడు కనిపించని దోషం పూర్తి వేగంలో బయటపడుతుంది.

3. వేగాన్ని బట్టి స్థాన నిర్ణయం:

పై ఉదాహరణలో ప్రధాన రోటర్ సెకనుకు 35 చుట్లు తిరుగుతుంది. తోక రోటర్ దానికి 4.5 రెట్లు వేగంగా తిరిగితే సెకనుకు 157.5 చుట్లు, మోటారు 10 రెట్లు వేగంగా తిరిగితే 350 చుట్లు అవుతాయి. ఏ భాగం దోషం ఆ భాగపు వేగంతోనే ముఖ్యంగా వ్యక్తమవుతుంది. వాడుకలోని 'ఊగడం', 'అదరడం', 'జుమ్మనడం' అనే క్రియాపదాలు ఇక్కడ ఉపకరిస్తాయి. హెలికాప్టర్ మొత్తం ఊగితే ప్రధాన రోటర్‌ను, తోకభాగం అంచులు మసకబారేలా అదిరితే తోక రోటర్‌ను, చట్రం జుమ్మంటే మోటారును, దాని పళ్ళచక్రాన్ని ముందుగా అనుమానించాలి. ఒకానొక వేగంలో మాత్రమే కంపనం పెరిగి, వేగం మార్చగానే తగ్గితే అది అనునాదం కావచ్చు.

4. అన్వయవ్యతిరేకాలు:

కారణం ఉన్నప్పుడు కార్యం ఉండటం అన్వయం. కారణం లేనప్పుడు కార్యం లేకపోవడం వ్యతిరేకం. కంపన నిర్ధారణలో వ్యతిరేకం నుంచి మొదలుపెట్టడం సులభం. మొదట ప్రధాన రెక్కలను తొలగించి నడపాలి. కంపనం మిగిలి ఉంటే తోక రెక్కలను కూడా తీయాలి. అప్పటికీ ఉంటే మోటారును ప్రధాన పళ్ళచక్రం నుంచి విడదీసి ఒంటరిగా తిప్పాలి. ఇప్పుడు కంపనం ఉంటే దోషం మోటారుది. లేకపోతే పళ్ళచక్రాలు, ఇరుసులు, బేరింగులను పరీక్షించాలి.

అయితే వ్యతిరేకం ఒక్కటే చాలదు. రెక్కలు తీయగానే కంపనం పోయినంత మాత్రాన దోషం రెక్కలదేనని తేల్చరాదు. రెక్కలను మోసే స్పిండిల్ వంగి ఉన్నా, రెక్కలు బిగించినప్పుడే దాని ప్రభావం తీవ్రంగా వెల్లడి కావచ్చు. దోషం లేదని తెలిసిన మరో జత రెక్కలను బిగించి చూడటం ఇక్కడ అవసరం. అప్పుడూ కంపనం వస్తే అనుమానం స్పిండిల్ వైపు మళ్ళుతుంది. స్పిండిల్‌ను అద్దంపలక మీద దొర్లిస్తే వంపు తెలుస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

5. సవరణ:

రెండు రెక్కల గురుత్వకేంద్రాలు మూలం నుంచి సమాన దూరంలో ఉండేలా ముందు సరిచేసి, తర్వాత తేలిక రెక్కకు ఆ గురుత్వకేంద్రం వద్దనే టేపు చుట్టి బరువులు సమం చేయాలి. రెండూ ఒకే తలంలో తిరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి కొనలకు వేర్వేరు రంగుల టేపు అతికించి, సురక్షిత దూరం నుంచి చూడాలి. ఒకటి పైన, ఒకటి కింద కనిపిస్తే లింకుల పొడవు సవరించాలి. జైరో కింద మెత్తని టేపు వేయడం వల్ల దానికి చేరే కంపనం తగ్గుతుంది, మూలదోషం తొలగదు. పగులు కనిపించిన రెక్కను సవరించే ప్రయత్నం చేయక, పారవేయాలి.

6. ముగింపు:

'నిదానం' అనే పదానికి తెలుగులో మూలకారణమనీ, నెమ్మది అనీ రెండర్థాలున్నాయి. కంపన పరీక్షలో ఈ రెండూ కలుస్తాయి. తొందరపడి భాగాలన్నీ మార్చినవారికి కంపనం పోయినా కారణం తెలియదు. కారణం తెలియనప్పుడు అది తిరిగి వచ్చే ప్రమాదమూ పోదు. ఒక్కొక్క భాగాన్నే తొలగించి, తిరిగి చేర్చి చూసినప్పుడే కార్యకారణ సంబంధం రుజువవుతుంది. ఆ రుజువు దొరికేవరకు హెలికాప్టర్‌ను గాలిలోకి లేపకపోవడమే క్షేమకరం.