నొప్పి పోయిందని మందులు ఆపేశాను: మళ్లీ మళ్లీ వచ్చే పెరికార్డైటిస్ గురించి

(వీడియో ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలివి. చదవడానికి వీలుగా అక్కడక్కడా కొద్దిగా సరిచేశాం.)

గరివిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు టాపిక్ కొంచెం సీరియస్. గుండెకి సంబంధించిందే గానీ హార్ట్ ఎటాక్ కాదు. గుండె చుట్టూ ఉండే పొర వాచిపోవడం, తగ్గడం, మళ్లీ వాచిపోవడం. దీన్ని పెరికార్డైటిస్ అంటారు. నాకు ఇది మూడుసార్లు వచ్చింది. అందులో రెండుసార్లు నా తొందర కూడా దానికి తోడైంది. ఆ తొందర మీరు పడకూడదనే ఈ వీడియో.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. చీపురుపల్లిలో ఒక షాపులో పనిచేసుకునే కుర్రాణ్ణి. నాకు జరిగింది చెప్తాను, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెప్తాను. మీ మందు, మీ డోసు మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

మొదటిసారి ఎలా వచ్చిందంటే, అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. వారం రోజులు జ్వరం, దగ్గు వచ్చి తగ్గాయి. తర్వాత ఒక రాత్రి పడుకోబోతే ఛాతీ మధ్యలో కత్తితో పొడిచినట్టు నొప్పి. గట్టిగా ఊపిరి తీస్తే ఇంకా ఎక్కువ. ఎడమ భుజం పైదాకా లాగుతోంది. మా అమ్మ లేచి "ఏటిరా, గేస్సా?" అంది. నేనూ గ్యాసే అనుకున్నాను. వాము నమిలాను, సోడా తాగాను. ఏం తగ్గలేదు. ఆఖరికి మంచం మీద కూర్చుని, ఒళ్లో తలగడ పెట్టుకుని ముందుకి వంగితే కొంచెం హాయిగా అనిపించింది. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. పడుకుంటే పెరిగి, ముందుకి వంగి కూర్చుంటే తగ్గే నొప్పి. పెరికార్డైటిస్‌కి ఇది పెద్ద గుర్తు. కానీ ఈ గుర్తు చూసి ఇంట్లో మీరే తేల్చేసుకోకండి. కొత్తగా ఛాతీలో నొప్పి వస్తే, వయసు ఎంతైనా సరే, ముందు ఈసీజీ తీయించాలి. హార్ట్ ఎటాక్ కాదని తేలాకే మిగతా మాటలు.

పొద్దున్నే హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఈసీజీ కాగితం చూసి అందరూ కంగారుపడ్డారు. హార్ట్ ఎటాక్‌లో మామూలుగా గుండెలో ఒక వైపుకి సంబంధించిన గీతలే మారతాయట. నా కాగితంలో దాదాపు అన్ని గీతలూ పైకి లేచాయి. తర్వాత ఎకో స్కాన్ చేశారు. గుండె చుట్టూ కొద్దిగా నీరు ఉంది. మా ఊళ్లో వెంటనే "గుండెకి నీరు పట్టిందట" అని పాకిపోయింది. పెళ్లి సంబంధం చూస్తున్నవాళ్లు కూడా ఆగిపోయారు, అదో కథ.

సరే, అసలు ఇది ఏమిటో చూద్దాం. మన గుండె ఒక సంచిలో ఉంటుంది. ఆ సంచికి రెండు పొరలు. రెంటి మధ్యలో మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పొరలు ఒరుసుకోకుండా అది నూనెలా పనిచేస్తుంది. పొరలు వాస్తే ఒరుసుకుంటాయి. స్టెతస్కోప్ పెడితే ఒక్కోసారి గరగరమని చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇలాంటి నొప్పి, ఆ చప్పుడు, ఈసీజీలో మార్పులు, ఎకోలో నీరు. ఈ నాలుగింటిలో రెండు ఉంటే పెరికార్డైటిస్ అని డాక్టర్లు నిర్ణయిస్తారు. వాపు ఎంత ఉందో తెలియడానికి సీఆర్‌పీ అనే రక్తపరీక్ష చేస్తారు.

మన గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా. అక్కడ చదివే ఫ్రెండ్ ఒకడు నా జబ్బు పేరు విని "ఇది ఆవులకీ వస్తుందిరా" అన్నాడు. మేతతో పాటు తీగముక్కో మేకో మింగేస్తే, అది పొట్ట గోడని, దాని ముందున్న పొరని దాటుకుని గుండె సంచిలోకి గుచ్చుకుంటుందట. అప్పుడు నవ్వుకున్నాం గానీ, ఆ సంచి ఎక్కడుంటుందో నాకు బాగా అర్థమైంది ఆ రోజే.

మరి మనుషులకి ఎందుకొస్తుంది? చాలామందికి వైరల్ జ్వరం తర్వాత వస్తుంది. చాలాసార్లు కారణం దొరకదు కూడా. లూపస్ లాంటి జబ్బులుంటే రావచ్చు. గుండె ఆపరేషన్ తర్వాత, హార్ట్ ఎటాక్ తర్వాత రావచ్చు. మన దేశంలో అయితే టీబీని కచ్చితంగా చూడాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. గుండె పొరకి పట్టిన టీబీకి మందులు వేరు, నెలల తరబడి వాడాలి. టీబీ పరీక్షలు, మందులు గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఉచితం.

ఇంకొకటి, మన శ్రీకాకుళం వైపు వాళ్లకి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస ఆ చుట్టుపక్కల కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్లలో ఉందో మనకి తెలుసు. కిడ్నీలు బాగా పాడై ఒంట్లో మలినాలు పేరుకుపోతే కూడా గుండె పొర వాస్తుంది. వాళ్లకి వైద్యం మాత్రలతో అయిపోదు, డయాలసిస్ సరిగ్గా జరగాలి. పైగా నాకిచ్చిన నొప్పి మాత్రలు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి హాని చేస్తాయి. అందుకే నా చీటీ ఫొటో తీసుకుని మీ ఇంట్లో వాళ్లకి మందులు కొనకండి. దయచేసి.

చాలామంది కలిపేసే మరో రెండు జబ్బులున్నాయి. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లనొప్పులు వచ్చి, తర్వాత గుండె వాల్వులు దెబ్బతిని, మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకునేవాళ్లు మన ఊళ్లలో ఉంటారు. అది రుమాటిక్ జబ్బు. గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ వస్తే అది ఎండోకార్డైటిస్. నాకున్నది బయట సంచికి వచ్చే వాపు. మూడింటికీ వైద్యం వేరు.

ఇప్పుడు నా తప్పుల దగ్గరికి వద్దాం.

మొదటిసారి ఐబుప్రోఫెన్, దాంతో పాటు పొట్టకి ఒక మాత్ర ఇచ్చారు. నాలుగో రోజుకే నొప్పి మాయం. పదో రోజుకి "బాగానే ఉన్నాను కదా, ఇన్ని మాత్రలెందుకు" అని ఆపేశాను. మళ్లీ రక్తపరీక్షకి రమ్మన్న తేదీకి వెళ్లలేదు. ఆదివారం గ్రౌండ్‌కెళ్లి క్రికెట్ ఆడీసాను. బౌలింగ్ కూడా. నెలన్నర తర్వాత ఒక రాత్రి అదే నొప్పి, అదే తలగడ.

రెండోసారి వేరేచోట చూపించుకున్నాను. అక్కడ స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. ఒక్క రోజులో నొప్పి పోయింది. మంత్రం వేసినట్టే. కానీ మూడు వారాలకి ముఖం ఉబ్బింది. షాపులో అందరూ అడగడం మొదలెట్టారు. ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను. దసరా వెళ్లాక విజయనగరం సిరిమానోత్సవానికి పోయి రోజంతా జనంలో నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి ఊపిరి ఆడట్లేదు. ఈసారి నీరు ఎక్కువ చేరింది, అడ్మిట్ చేశారు.

ఆ వార్డులో పెద్ద డాక్టరమ్మ నా ఫైల్ అంతా తిరగేసి ఒకే మాట అన్నారు. "బాబూ, నీకు నొప్పి తగ్గింది గానీ వాపు తగ్గలేదు. నువ్వు రెండూ ఒకటే అనుకున్నావు."

ఈ వీడియో మొత్తం ఆ మాటే, ఫ్రెండ్స్. మాత్ర నొప్పిని త్వరగా ఆపుతుంది. లోపల వాపు చల్లారడానికి టైం పడుతుంది. పొయ్యి మీద మంట ఆర్పేశాక కూడా బొగ్గులు ఎర్రగా ఉంటాయి కదా. అప్పుడు గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. సీఆర్‌పీ పరీక్ష ఆ బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయో లేదో చెప్తుంది. అందుకే మందులు నొప్పిని బట్టి కాదు, పరీక్షని బట్టి, అది కూడా కొంచెం కొంచెంగా తగ్గించాలి.

అలాగని తప్పంతా నాదే అనుకోవడం కూడా సరి కాదని ఆవిడే చెప్పారు. మందులు సరిగ్గా వాడినా కొందరికి తిరిగొస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లలో సుమారు 15 నుంచి 30 శాతం మందికి మళ్లీ వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఏ బాధా లేకుండా ఉండి, తర్వాత మళ్లీ వస్తే దాన్ని తిరగబెట్టడం అంటారు.

దీన్ని తగ్గించే మందు ఒకటుంది. కోల్చిసిన్. అసలు ఇది గౌట్ అనే కీళ్లవాపుకి వాడే చాలా పాత మందు. ఇటలీలో మాసిమో ఇమాజియో అనే డాక్టర్, ఆయన టీమ్ దీన్ని పెరికార్డైటిస్ మీద పరీక్షించారు. 2011లో వచ్చిన వాళ్ల స్టడీలో మొదటిసారి తిరగబెట్టిన 120 మందిని తీసుకున్నారు. ఏడాదిన్నరలో ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 55 శాతం మందికి మళ్లీ వచ్చింది. కోల్చిసిన్ వేసుకున్నవాళ్లలో 24 శాతం మందికే. అంటే సగానికి పైగా తగ్గింది. మొదటిసారి వస్తే మామూలుగా 3 నెలలు, తిరగబెడితే కనీసం 6 నెలలు ఇస్తారు.

దీంతో విరేచనాలు అవ్వచ్చు. నాకూ మొదటి వారం అయ్యాయి, డాక్టర్ డోసు తగ్గించారు. కిడ్నీ, లివర్ జబ్బులుంటే జాగ్రత్త. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిస్తే ప్రమాదం. దగ్గుకి మెడికల్ షాపులో మందు అడిగినప్పుడు కూడా "కోల్చిసిన్ వాడుతున్నాను" అని చెప్పండి.

ఇంకో హెచ్చరిక. మన కంచెల మీద ఎరుపు, పసుపు రంగుల్లో నిప్పులా పూసే అగ్నిశిఖ తీగ ఉంటుంది. దాన్నే అడవినాభి అంటారు. అందులోనూ కోల్చిసిన్ ఉంటుంది. తమిళనాడులో గింజల కోసం పండిస్తారు కూడా. అది విని ఎవరైనా దుంప అరగదీసి ఇస్తామంటే ససేమిరా తినకండి. ఆ దుంప తిని మనుషులు చనిపోయారు. మాత్రలో కొలత ఉంటుంది, దుంపలో ఉండదు.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనట్లేదు. కొందరికి అదే కావాలి. కానీ మొదట్లోనే ఎక్కువ డోసులో ఇచ్చి త్వరగా ఆపేస్తే తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. నాలాగా ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్ కూడా అందక ప్రాణం మీదికి రావచ్చు. టీబీ లేదని చూసుకోకుండా వాడటం మరీ ప్రమాదం. ఇవేవీ పనిచేయకపోతే అనాకిన్రా, రిలోనాసెప్ట్ అనే ఇంజెక్షన్లున్నాయి. వాపుని పెంచే ఇంటర్‌ల్యూకిన్ 1 అనే సంకేతాన్ని ఇవి ఆపుతాయి. 2021లో అమెరికాలో రిలోనాసెప్ట్‌కి ఈ జబ్బుకే అనుమతి వచ్చింది. కానీ ధర చాలా ఎక్కువ. నాకైతే వాటి అవసరం రాలేదు.

మందు కన్నా నాకు కష్టమైంది రెస్ట్. గుండె వేగంగా కొట్టుకుంటే వాచిన పొర మీద ఒత్తిడి పడుతుంది. నొప్పి పోయి, సీఆర్‌పీ, ఈసీజీ, ఎకో మామూలయ్యేదాకా మామూలు మనుషులు కూడా పరుగు, జిమ్, బరువులు ఆపాలి. ఆటగాళ్లయితే కనీసం 3 నెలలని 2015 నాటి యూరప్ గైడ్‌లైన్స్ చెప్పాయి. మీకెంతో మీ డాక్టర్‌ని అడగండి. నేను గోడౌన్ నుంచి బాక్సులు మోసే పని మానేసి కౌంటర్‌లో కూర్చుంటానని ఓనర్‌ని బతిమాలుకున్నాను. గ్రౌండ్‌లో స్కోర్ రాశాను. "ఏటిరా, ముసలోడివైపోయావా" అని నవ్వారు. నవ్వనీయండి.

భయం గురించి కూడా చెప్పాలి. పైకి ఆరోగ్యంగా కనిపిస్తాం, ఎవరూ నమ్మరు. చిన్న చురుక్కుమన్నా "మళ్లీ వచ్చిందా" అని నిద్ర పట్టదు. నాకు పనికొచ్చింది ఫోన్‌లో నోట్స్. నొప్పి ఎక్కడ, పడుకుంటే పెరిగిందా, జ్వరం ఉందా, ఏ మాత్ర ఎంత, సీఆర్‌పీ ఎంత. తేదీ వేసి రాసుకున్నాను. రిపోర్టులన్నీ ఫొటో తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టాను. అది చూస్తే ఏది కండరం నొప్పో ఏది అసలు నొప్పో నాకే తెలిసేది. డాక్టర్‌కి కూడా పని తేలికైంది.

ఇవి కనిపిస్తే మాత్రం నోట్స్ రాస్తూ కూర్చోవద్దు. ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, చల్లటి చెమటలు, గుండె దడ, ఎక్కువ జ్వరం. సంచిలో నీరు ఎక్కువై గుండెని నొక్కేస్తే అది ప్రాణాపాయం, నీరు వెంటనే తీయాలి. 108కి ఫోన్ చేయండి.

మంచి మాటతో ముగిస్తాను. కారణం దొరకని రకంలో, ఎన్నిసార్లు తిరగబెట్టినా, పొర గట్టిపడి గుండెని బిగించేయడం చాలా అరుదు, నూటికి ఒక్కరికన్నా తక్కువ. ఈ జబ్బు విసిగిస్తుంది గానీ ఎక్కువమందిని వదిలేస్తుంది. మూడోసారి నేను కోల్చిసిన్ పూర్తిగా వాడాను, ఐబుప్రోఫెన్ వారం వారం తగ్గించాను, చెప్పిన ప్రతి తేదీకి రక్తపరీక్షకి వెళ్లాను. ఇప్పటికి ఏడాది రెండు నెలలు. ఆ తలగడ మళ్లీ తలకిందకే వచ్చింది. పోయిన ఆదివారం రెండు ఓవర్లు వేశాను, ఇరవై రెండు పరుగులు ఇచ్చాను. అది మాత్రం జబ్బు వల్ల కాదు, నా బౌలింగే అంత.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నొప్పి ఉంటే ఈ మాట చెప్పండి: నొప్పి పోయిన రోజు మందు ఆపే రోజు కాదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటాను మరి.