పచ్చదోమకు అడవికోడి రెక్క

ములకలపల్లి పత్తి రైతుకు పచ్చదోమ కనబడితే మందు కొట్టే రోజు వచ్చినట్టే. అమెరికాలో విన్సెంట్ మారినారో అదే కుటుంబపు పురుగుల బొమ్మను గాలానికి కట్టి ట్రౌట్ చేపల్ని పట్టాడు.

ఈ గాలానికి వానపాము అక్కర్లేదు. కొక్కేనికి దారంతో ఈకలు బిగించి, నీటిమీద తేలే పురుగులా కనిపించే 'డ్రై ఫ్లై' కడతారు. ఈక కట్టి చేపను మోసం చేయడం పాత విద్యే. మాసిడోనియా వాళ్లు ఎర్ర ఉన్నితో, పుంజు ఈకలతో ఇలా చేసేవారని సుమారు 1800 ఏళ్ల కిందటే రోమన్ రచయిత ఏలియన్ రాశాడు. తేలే రకానికి శాస్త్రం రాసినవాడు ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ హాల్ఫర్డ్, 1886లో. పక్షి కుడి రెక్క ఈకలోంచి ఒక పీలిక, ఎడమ రెక్క ఈకలోంచి ఒక పీలిక కోసి ఫ్లైకి రెక్కల జంటగా నిలబెట్టాలి. జత కుదరకపోతే విసిరినప్పుడు ఆ ఫ్లై గిరగిరా తిరిగి దారమంతా మెలిపడుతుంది.

ఇంత చేసినా తేల్చేది ఆ రెక్కలు కావు, పుంజు మెడ ఈక. దాన్ని కొక్కెం చుట్టూ చుడితే బిరుసు పోగులు నలువైపులా విచ్చుకుని నీటి తలతన్యత మీద ఆనుతాయి. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చి మునుగుతుంది. నిలువు రెక్కలు చేప కంటే మనిషినే ఎక్కువ మురిపిస్తాయని నా అనుమానం.

మారినారో 1950లో తెచ్చిన పుస్తకం చేప చూపు గురించి చెబుతుంది. చేప చూసేది కింది నుంచి. చిన్న పురుగు విషయంలో దానికి ముఖ్యం ఆకాశం మీద కనబడే ఆకారమే, ఒంటి మందం కాదు. అందుకే అతను మెడ ఈక పోగుల్ని పైనా కిందా కత్తిరించి, వీపు మీద ఒకే ఈకను బల్లపరుపుగా కట్టాడు. ఆ ఈక దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడిది. దాని మెడ ఈకల్లో పోగులు అతుక్కుపోయి, మైనం పూసినట్టు మెరిసే పలక ఏర్పడుతుంది.

ఈ కోడి నివాసం దాదాపు గోదావరి దాకా. ఆవల ఎర్ర అడవికోడి, మన పెరటి కోళ్లకు ప్రధాన మూలపురుషుడు. అయితే పెరటి కోడి కాళ్ల పసుపు జన్యువు బూడిదరంగు దాని నుంచే వచ్చిందని 2008లో తేలింది. చేపల వేటగాళ్ల కోసం ఈ పక్షి తోళ్లు ఓడలెక్కి బ్రిటన్ వెళ్లేవి. మన దేశం ఆ ఎగుమతిని ఆపింది. 1972 వన్యప్రాణి చట్టం పక్షికి రక్షణ ఇచ్చింది. రంగు పూసిన ఈకలు, ప్లాస్టిక్ ముక్కలు, విదేశాల్లో పెంచిన పక్షుల ఈకలు ఆ లోటు తీర్చాయి.

మామూలు మెడ ఈకకు మాత్రం నకలు కుదరలేదు. ఓరెగాన్‌లో హెన్రీ హాఫ్‌మన్ 1960ల నుంచి ఈక కోసమే పుంజుల్ని ఎంచి పెంచాడు; 1989లో ఆ వంశం కొలరాడోలోని వైటింగ్ ఫామ్స్ చేతికి వెళ్లింది. మన పందెంరాయుళ్లు పుంజు కాలి బలం చూస్తే, అక్కడ మెడ ఈక పొడవు, పోగు బిరుసు చూస్తారు. మేలిరకం మెడతోలు ఒక్కటే వంద డాలర్లు దాటుతుంది.