ముఖ్యమంత్రి లేని మంత్రిమండలి

2023 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కాంటన్‌కు ప్రభుత్వ ఎన్నికలు జరిగాయి. పోస్టులో ఇంటికి వచ్చిన బ్యాలెట్ కాగితం మీద గుర్తులు లేవు, ఫొటోలు లేవు. ఏడు ఖాళీ గీతలు ఉన్నాయి, అంతే. మంత్రులుగా ఎవరు కావాలో ఓటరే ఆ గీతల మీద పేర్లు రాయాలి. పోటీలో ఉన్నవాళ్ల జాబితా ఒకటి జతచేసి పంపుతారు. అయితే అర్హత ఉన్న మనిషైతే చాలు, జాబితాలో లేని పేరు రాసినా చెల్లుతుంది.

స్విట్జర్లాండ్ సమాఖ్యలో 26 కాంటన్లున్నాయి. మన రాష్ట్రాల వంటివే, కాకపోతే చాలా చిన్నవి. ఒక్కోదానికి సొంత రాజ్యాంగం, శాసనసభ, కోర్టులు, పోలీసు, సొంత పన్నులు ఉన్నాయి. పాలన నడిపే మంత్రిమండలిలో అయిదుగురో ఏడుగురో ఉంటారు. పదవీకాలం ఎక్కువ చోట్ల నాలుగేళ్లు. జెనీవా, వో, ఫ్రిబూర్, జురా వంటి ఫ్రెంచి మాట్లాడే కాంటన్లలో అయిదేళ్లు.

మనకు కొత్తగా అనిపించేది ఎన్నిక పద్ధతి. ఇక్కడ మనం ఎమ్మెల్యేకే ఓటు వేస్తాం. గెలిచిన పక్షం నాయకుడు ముఖ్యమంత్రి అవుతాడు, మంత్రులెవరో ఆయన తేలుస్తాడు. ప్రమాణ స్వీకారం ముందురోజు రాత్రి దాకా ఆశావహుల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. స్విస్ కాంటన్లలో ఆ ఉత్కంఠకు చోటు లేదు. శాసనసభకు వేరుగా, మంత్రిమండలికి వేరుగా జనమే ఓటు వేస్తారు. కాబట్టి ఒక మంత్రి మరో మంత్రికి రుణపడి ఉండడు. శాసనసభ అవిశ్వాసం పెట్టి మంత్రిమండలిని దించలేదు. మంత్రిమండలి సభను రద్దు చేయలేదు. శాఖలు ఎవరికేవో గెలిచినవాళ్లే కూర్చుని పంచుకుంటారు. అధ్యక్ష స్థానం చాలా కాంటన్లలో ఏటా చేతులు మారుతుంది. అధ్యక్షుడు సమావేశం నడుపుతాడు, తక్కినవాళ్లను ఆదేశించలేడు. నిర్ణయం సమష్టిది. లోపల వ్యతిరేకించి ఓడిపోయిన మంత్రి కూడా బయటికి వచ్చాక దాన్నే సమర్థించాలి.

గెలవడానికి జ్యూరిక్‌లో ఉన్న లెక్క చూడండి. అభ్యర్థులందరికీ పడిన చెల్లే ఓట్లను కూడి, ఏడుతో భాగించి, వచ్చినదాన్ని సగం చేస్తారు. ఆ సగం దాటినవాళ్లు మొదటి విడతలోనే గెలిచినట్టు. ఖాళీగా వదిలిన గీతలు లెక్కలోకి రావు కనుక గడప కాస్త తగ్గుతుంది. స్థానాలు మిగిలిపోతే రెండో విడత పెడతారు. అప్పుడు ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లే.

ఇలాంటి పద్ధతిలో పెద్ద పార్టీ ఏడు స్థానాలూ ఊడ్చుకుపోవాలి కదా? సాధారణంగా అలా జరగదు. పార్టీలు తమ బలానికి తగ్గట్టు ఒకరినో ఇద్దరినో నిలబెట్టి, మిగతా గీతలు ఇతరులకు వదిలేస్తాయి. చట్టం కోరని సర్దుబాటు ఇది. అత్యాశకు పోతే పక్క పార్టీ ఓటర్లు తమ కాగితం మీద మీవాళ్ల పేరు రాయరు, వాళ్లు రాయకపోతే గెలుపు కష్టం. 2023లో జ్యూరిక్‌లో స్విస్ పీపుల్స్ పార్టీకి రెండు స్థానాలు దక్కాయి. సోషలిస్టులు, లిబరల్స్, గ్రీన్స్, సెంటర్ పార్టీలు తలా ఒకటి తీసుకున్నాయి. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిందేమో ఏ పార్టీలోనూ లేని మారియో ఫేర్‌కు.

ఈ మర్యాద ఊరికే రాలేదు. ఇటాలియన్ మాట్లాడే తిచినో కాంటన్‌లో 1889 ఎన్నికల్లో రెండు పక్షాలకూ ఓట్లు దాదాపు సమానంగా పడ్డాయి. సభలో సీట్లు మాత్రం కన్సర్వేటివ్‌లకు రెట్టింపు వచ్చాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 11న లిబరల్స్ తిరగబడ్డారు. రాజధాని బెల్లిన్‌జోనాలో లుయీజి రోస్సి అనే మంత్రిని కాల్చి చంపారు, సమాఖ్య సైన్యం దిగాల్సి వచ్చింది. ఆ గొడవ దామాషా పద్ధతికి దారితీసింది. తిచినోలో మంత్రిమండలిని కూడా నేటికీ దామాషా ప్రకారమే ఎన్నుకుంటారు.

అల్పసంఖ్యాకుల విషయంలో బెర్న్ కాంటన్ మరింత ముందుకు వెళ్లింది. పది లక్షలకు పైగా ఉన్న జనంలో ఎక్కువమంది భాష జర్మన్. ఫ్రెంచి మాట్లాడే బెర్నీస్ జురా ప్రాంతంలో ఉండేది యాభై వేల చుట్టుపక్కల మంది. ఏడింటిలో ఒక స్థానం ఆ ప్రాంతానికి రిజర్వు. కానీ ఓటు కాంటన్ అంతా వేస్తుంది. అలాంటప్పుడు ఫ్రెంచివాళ్ల ప్రతినిధిని జర్మన్లే తేల్చేయరా? అందుకని రెండు అంకెలు తీసుకుంటారు, కాంటన్ మొత్తంలో వచ్చిన ఓట్లు, జురాలో వచ్చిన ఓట్లు. రెండింటినీ గుణించి వర్గమూలం కడతారు. ఒకరికి మొత్తం 90,000, జురాలో 4,000 వచ్చాయనుకుందాం. మరొకరికి 70,000, 6,000. గుణించి చూస్తే గెలిచేది రెండో మనిషే. రిజర్వుడు స్థానంలో సొంతవాళ్ల మాట నెగ్గాలా, అందరి మాట నెగ్గాలా అనే తగవును ఒక్క గుణకారంతో తీర్చిన ఈ తెలివిని నేను మెచ్చుకుంటాను.

అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్‌లో బ్యాలెట్టే లేదు. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం ఓటర్లు ఊరి కూడలిలో గుమిగూడి, చేతులెత్తి ఏడుగురినీ ఎన్నుకుంటారు. చూడముచ్చటైన దృశ్యమే. కానీ ఆ చేతుల్లో ఆడవాళ్ల చేతులు చేరడానికి 1990లో సమాఖ్య సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వాల్సి వచ్చిందని కూడా చెప్పుకోవాలి. రహస్యం లేని ఓటు మీద నాకు ఉన్న అనుమానం ఇంకా పోలేదు.

ఇంతా చేసి, దేశం మొత్తాన్ని పాలించే ఏడుగురు సభ్యుల ఫెడరల్ కౌన్సిల్‌ను మాత్రం జనం ఎన్నుకోరు. పార్లమెంటు ఉభయ సభలు కలిసి కూర్చుని ఎన్నుకుంటాయి. ఆ అధికారం తమకే కావాలా అని ప్రజలను 1900లో, 1942లో అడిగారు, వద్దన్నారు. 2013 జూన్‌లో మళ్లీ అడిగితే నూటికి 76 మంది వద్దన్నారు.