ఫోన్‌లో వచ్చే ‘సెక్యూరిటీ ప్యాచ్’... ఆ ప్యాచ్ ఎక్కడిది? ధర్మవరం మగ్గం చూస్తే తెలుస్తుంది

సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ ఓపెన్ చేసి ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే, సెక్యూరిటీ అప్‌డేట్ అనో, సెక్యూరిటీ ప్యాచ్ అనో ఒక తేదీ కనిపిస్తుంది. మనలో చాలామంది అటు చూడం. సెక్యూరిటీ అంటే భద్రత, సరే. మరి ప్యాచ్? బట్ట చిరిగితే వేసే మాసికే! సాఫ్ట్‌వేర్‌కి మాసిక ఏంటని నవ్వొద్దు. ఒకప్పుడు నిజంగానే కాగితం ముక్క అతికించేవాళ్లు.

ధర్మవరంలో పట్టుచీర నేసే జాకార్డు మగ్గం చూశారా? పైన దారంతో వరసగా కుట్టిన అట్టలు వేలాడుతుంటాయి, వాటి నిండా చిల్లులు. చిల్లు ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంచులో హంస రావాలా, మామిడి పిందె రావాలా అన్నది ఆ చిల్లులే చెబుతాయి. అంటే అది ప్రోగ్రామే. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ మేరీ జాకార్డ్ 1804లో ఈ మగ్గం తెచ్చాడు. ఒక్క చిల్లు తప్పు పడిందనుకోండి, డిజైన్ తిరిగొచ్చిన ప్రతిసారీ అదే తప్పు చీరలో పడుతుంది. అలాగని అట్టలన్నీ మార్చక్కర్లేదు, ఆ చిల్లు మూసేస్తే చాలు.

కంప్యూటర్లకీ ఈ చిల్లుల ఐడియానే అందింది. అమెరికాలో 1890 జనాభా లెక్కలకి హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డులు వాడాడు. 1944లో హార్వర్డ్ మార్క్ 1 కంప్యూటర్ చిల్లుల కాగితం టేపు నుంచే ప్రోగ్రామ్ చదివేది. తప్పు దొరికితే ఆ చిల్లు మీద ముక్క అతికించేవాళ్లు. అదే ప్యాచ్. టేపు పోయింది, మాట ఉండిపోయింది.

ముందు సెక్యూరిటీ ఎందుకు చేరిందంటే, సాఫ్ట్‌వేర్‌లో చిల్లు దొంగకి దారి అవుతుంది కాబట్టి. 2015లో బయటపడ్డ స్టేజ్‌ఫ్రైట్ లోపం గుర్తుందా? మీ నంబర్ తెలిస్తే చాలు, ఒక్క ఎంఎంఎస్‌తో ఫోన్‌లోకి దూరొచ్చు. ఆ ఆగస్టులోనే గూగుల్ తన నెక్సస్ ఫోన్లకి నెలనెలా ప్యాచ్ ఇస్తామంది.

హిందూపురంలోనో పెనుకొండలోనో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నారా? కెమెరా, బ్యాటరీ అన్నీ అడుగుతాం, ఈ తేదీ మాత్రం అడగం. తేదీ రెండేళ్ల కిందటిదై, ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కినా ఏమీ రాకపోతే, కంపెనీ ఆ మోడల్‌కి మాసికలు వేయడం మానేసినట్టే లెక్క. పాటలకి, పిల్లల వీడియోలకి వాడుకోండి. యూపీఐ, బ్యాంక్ యాప్ మాత్రం అందులో పెట్టొద్దు, షాపువాడు ధర ఎంత తగ్గించినా సరే.